రాలేదని రాసిన జట్టు

అరుంధతి మేడం విజిల్ ఊదితే నారాయణగూడ చౌరస్తా దాకా వినపడుతుందని ఆమె కాలేజీ పిల్లలు చెప్పుకునేవారు. కాస్త పెంచి చెప్పినా పూర్తిగా అబద్ధం కాదు. ఇరవై మూడేళ్ళుగా ఆమె అక్కడి ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. పుట్టింది చిక్కడపల్లి, మెట్టింది అశోక్‌నగర్, కొలువు నారాయణగూడ. మూడూ నడిచిపోయేంత దూరమే. "బస్సెక్కే పని లేకుంటనే నా బతుకు గడిచిపోయింది" అని నవ్వేది.

తండ్రి రామచంద్రం చిక్కడపల్లిలో పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు. ఆడపిల్ల బంతి పట్టుకుని ఎగరడమేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకుంటే, "ఎగరనియ్యుండ్రి, కాళ్ళు దానియే గద" అన్న మనిషి. ఆ కాళ్ళ బలంతోనే ఆమె కాలేజీ జట్టుకు కెప్టెన్ అయింది. మరుసటి ఏడు యూనివర్సిటీ జట్టులో చోటు ఖాయమనుకున్నారంతా. ఆ ఏడే అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమం వచ్చింది, కాలేజీలు మూతపడ్డాయి, పోటీలు లేవు, ఎంపికలు లేవు. ఆమె ఉద్యమాన్ని ఏనాడూ తప్పుపట్టలేదు. ఊరేగింపుల్లో తనూ నడిచింది. కానీ కాలేజీలు మళ్ళీ గాడిన పడేసరికి ఆమె చదువు చివరికొచ్చింది. యూనివర్సిటీ బనియన్ ఒంటి మీద వేసుకోకుండానే ఆట ముగిసిపోయింది. ఆ మాట ఆమె ఎవరి దగ్గరా ఎత్తేది కాదు. భర్త జగన్మోహన్‌కు కూడా, పెళ్ళయిన పదేళ్ళకు, అత్తగారి నోటి నుంచి తెలిసింది.

జంటనగరాల ఆడపిల్లల కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీలకు ఆమె ఆరేళ్ళుగా కన్వీనరు. మొత్తం పన్నెండు జట్లు. వానాకాలంలో లీగు నడుస్తుంది, ఒక్కో జట్టుకు ఆరు మ్యాచులు. గెలిస్తే రెండు పాయింట్లు, ఓడితే ఒకటి, అసలు మైదానానికే రాకపోతే సున్నా. దీపావళి దాటాక నాకౌట్. దానికి ముందు ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని, లీగులో బాగా ఆడిన నాలుగు జట్లను ఏరి పై వరుసలో పెడుతుంది. దాన్నే సీడింగ్ అంటారు. సీడ్ వచ్చిన నాలుగు జట్లకూ మొదటి రౌండు ఉండదు, నేరుగా క్వార్టర్ ఫైనల్. మిగతా ఎనిమిదీ పొద్దున ఒక మ్యాచ్ ఆడి, గెలిస్తే, అదే రోజు సాయంత్రం సీడ్ జట్టును ఎదుర్కోవాలి. ఒక పక్క అలసిన కాళ్ళు, మరో పక్క నిద్రలేచి తలస్నానం చేసి వచ్చిన కాళ్ళు. పైగా సెమీఫైనల్ చేరిన నాలుగు జట్ల పిల్లలకే యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసే శిబిరానికి పిలుపు వస్తుంది. అందుకే ఏ నాలుగు జట్లకు సీడ్ దక్కాలన్న దాని మీద ప్రతి ఏడూ కాలేజీల మధ్య మాటామాటా పెరిగేది. ఎంత పెరిగినా, అరుంధతి మేడం సంతకం పెట్టిన జాబితా అంటే అందరూ ఒప్పుకునేవారు.

ఆమె సొంత కాలేజీ జట్టు ఏనాడూ ఏడో స్థానం దాటలేదు. కాబట్టి ఆమెకు ఎటువైపూ మొగ్గు ఉండదని అందరి నమ్మకం. ఆ నమ్మకం తొంభై మూడు దాకా నిజమే. ఆ ఏడు ఆమె కూతురు సంజన బర్కత్‌పురలోని కాలేజీలో చేరింది. చేరిన నెలకే జట్టులోకి వచ్చింది.

తొంభై ఐదు సెప్టెంబరులో వారం రోజులు వరసగా మధ్యాహ్నం కాగానే వాన దంచింది. పొద్దున ఎండగా ఉండేది, రెండు దాటేసరికి హుసేన్‌సాగర్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చేది. అరుంధతి కాలేజీలోని సిమెంటు కోర్టు మీదే లీగు మ్యాచులు జరిగేవి. తడిసిన సిమెంటు మీద పిల్లలు జారి పడతారని ఆమెకు భయం. అందుకని గురువారం మధ్యాహ్నం మూడింటికి ఉన్న మ్యాచ్‌ను పొద్దున ఎనిమిదింటికి మార్చింది. ఆ మ్యాచ్ బర్కత్‌పురకూ కవాడిగూడకూ మధ్య.

కవాడిగూడ కాలేజీ రెండంతస్తుల అద్దె భవనం. ఆటస్థలం లేదు, ఫిజికల్ డైరెక్టరు పోస్టు లేదు. తెలుగు లెక్చరరు ఒకాయన ఆటల బాధ్యత కూడా చూసేవాడు. బుధవారం మధ్యాహ్నం అరుంధతి ఫోన్ చేస్తే చెన్నయ్య అనే గుమాస్తా ఎత్తాడు.

"రేపటి మ్యాచ్ పొద్దున ఎనిమిదింటికి. మూడింటికి కాదు. సార్‌కు చెప్పండి, మర్చిపోవద్దు."

"చెప్త మేడం. ఇప్పుడే రాసుకుంటున్న."

టైము మారితే సాయంత్రం మరోసారి ఫోన్ చేసి, పిల్లలకు అందిందా లేదా కనుక్కోవడం ఆమెకు అలవాటు. ఆ సాయంత్రం రెండుసార్లు ప్రయత్నించింది, లైను కలవలేదు. ఇంట్లో జగన్మోహన్‌కు జ్వరం. ఇక పెట్టేసి ఇంటికి బయల్దేరింది. బర్కత్‌పురకు ఫోన్ చేసే పనే లేదు. రాత్రి అన్నం వడ్డిస్తూ, "రేపు పొద్దున ఎనిమిదింటికే మ్యాచ్. మీ సార్‌కు ఫోన్ కొట్టి చెప్పు" అంది సంజనతో. పదిహేను నిమిషాల్లో పదిమంది పిల్లలకూ కబురందింది.

మర్నాడు పొద్దున కవాడిగూడ జట్టు రాలేదు. నిబంధన ప్రకారం పదిహేను నిమిషాలు ఆగాలి. అరుంధతి అరగంట ఆగింది. గేటు దాకా వెళ్ళి రోడ్డు వైపు చూసొచ్చింది. తర్వాత రిఫరీ విజిల్ ఊదాడు. ఇరవై సున్నాతో బర్కత్‌పుర గెలిచినట్టు స్కోరు షీటు మీద రాసి, ఎదురుగా 'కవాడిగూడ: రాలేదు' అని ఆమె తన చేత్తో రాసింది. షీట్లన్నీ తీసుకుని యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్ళిపోయింది.

వారం తర్వాత కవాడిగూడ నుంచి ఫిర్యాదు వచ్చింది. తమకు వేళ మారిన సంగతి తెలియదనీ, మూడింటికి వచ్చామనీ ఆ తెలుగు లెక్చరరు రాశాడు. ఆమె జవాబిచ్చింది: ఫలానా తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు ఫోన్ చేశాను, మీ గుమాస్తా చెన్నయ్య గారు మాట్లాడారు. ఆ ఒక్క వాక్యంతో ఫిర్యాదు మూతపడింది. మూడింటికి వచ్చామన్న మాటను ఆమె సాకుగానే తీసుకుంది. పొరపాటు చేసినవాళ్ళు అలాంటివి రాస్తూనే ఉంటారు, ఇరవై మూడేళ్ళలో ఎన్ని చూడలేదు!

దీపావళి అయిన వారానికి కమిటీ కూర్చుంది. ఆటల గదిలో, బంతుల వలసంచులు వేలాడే గోడ పక్కన, ముగ్గురూ బల్ల చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. వీరరాఘవరావు గారు పెద్దాయన, మగపిల్లల కాలేజీలో పనిచేసి రిటైరయ్యారు, నిబంధనల పుస్తకం ఆయన నోట్లోనే ఉండేది. రెండో మనిషి ప్రేమ, మలక్‌పేటలో ఫిజికల్ డైరెక్టరు. ఒకప్పుడు అరుంధతి చేతి కింద ఆట నేర్చుకున్న పిల్ల, అందుకే ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది.

మొదటి మూడు స్థానాలూ చాయ్ చల్లారకముందే తేలిపోయాయి. సికింద్రాబాద్ జట్టు అందరికంటే పైన. పేచీ వచ్చింది నాలుగో దాని దగ్గర. బర్కత్‌పురకు పది పాయింట్లు. కవాడిగూడకు తొమ్మిది.

"సికింద్రాబాదును ఈ ఏడు ఓడగొట్టింది ఒక్క కవాడిగూడనే అక్కా" అంది ప్రేమ. "అది కూడ తొమ్మిది పాయింట్ల తేడాతోని. మనీష అనే పిల్ల ఒక్కతే ఇరవై రెండు కొట్టింది. నేనే రిఫరీ ఆ దినం. అసుంటి జట్టును కింద పెట్టి బర్కత్‌పురను పైన పెడ్తమా?"

"ఎవరు బాగా ఆడతారో మన కళ్ళకు కనపడుతుంది, కాదనను" అన్నారు వీరరాఘవరావు. "కానీ కళ్ళను బట్టి సీడింగ్ చేస్తే, ఎవరి కళ్ళు అని అడుగుతారు రేపు. పట్టిక ఉన్నది అందుకే కదమ్మా. పది పదే, తొమ్మిది తొమ్మిదే."

"ఆ పదిల రెండు ఆడకుంట వచ్చినయి సార్."

"రాకపోవడం బర్కత్‌పుర తప్పా?"

అరుంధతి కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "మా సంజన బర్కత్‌పురల ఆడ్తది. నేను బయట నిలబడ్త. మీరిద్దరు తేల్చుకోండి."

"కూర్చోండమ్మా" అన్నారు పెద్దాయన. "మేం చెరో మాట అంటున్నాం, ఇద్దరం ఎట్లా తేలుస్తాం? ఆరేళ్ళలో మిమ్మల్ని ఎవరైనా వేలెత్తి చూపారా?"

ఎవరూ చూపలేదు. ఆ మాట ఆమెకు హాయిగా వినిపించింది. ఆమె కూర్చుంది. పట్టికను మరోసారి పైనుంచి కిందికి చదివింది. నిబంధన స్పష్టంగా ఉంది, ఫోన్ చేసిన వేళ ఫైలులో ఉంది. తను ఏ కూతురూ లేని మనిషై ఉంటే ఏం చేసేదో అదే చేస్తున్నానని మనసుకు చెప్పుకుని, నాలుగో గీత మీద బర్కత్‌పుర అని రాసి సంతకం పెట్టింది. ప్రేమ తలొంచుకుని తన సంతకం తనూ పెట్టింది. ఆ తర్వాత చీటీలు తీస్తే, మొదటి రౌండు గెలిస్తే కవాడిగూడ తలపడాల్సింది బర్కత్‌పురతోనే అని వచ్చింది.

మర్నాడు కోర్టు ఊడుస్తున్న ఆయా ఈదమ్మ చీపురు ఆపి అడిగింది.

"మేడం, ఆ కవాడిగూడ పిల్లలు మల్ల వస్తరా ఆడనీకె?"

"వస్తరు. ఎందుకు?"

"మంచి పిల్లలు. ఆ దినం ఎవ్వరు లేకున్నా ఎంత బుద్ధిగ ఉండిరి!"

"ఏ దినం ఈదమ్మా?"

"అదే, మీరు పొద్దుగాల మ్యాచ్ పెట్టి యూనివర్సిటికి పోతిరి సూడు, గా దినం. పగటీలి మూడైంది, పదిమంది పిల్లలు వచ్చిండ్రు, జడలేసుకొని, బట్టలు మార్సుకొని. ఎవ్వలు లేరు. ఇగ వాళ్ళల్ల వాళ్ళే ఆడుకున్నరు. అవతలోళ్ళు భయపడి రాలేదు, మనమే గెల్సినమని మురుసుకుంట పోయిండ్రు. నన్ను బకెట్ అడిగి, గచ్చు మీద బురద అడుగులు పడ్డయని కడిగి మరీ పోయిండ్రు."

అరుంధతి చేతిలోని రిజిస్టరు మూసింది. ఆ గురువారం మాత్రం మధ్యాహ్నం వాన పడలేదన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తుకొచ్చింది. పదిమంది పిల్లలు గంటన్నర ఈ కోర్టు మీదే ఉన్నారు. అదే వేళకు తను యూనివర్సిటీ ఆఫీసులో, వాళ్ళు రాలేదన్న కాగితాన్ని గుమాస్తా చేతికిస్తోంది.

నాకౌట్‌కు ఇంకా నాలుగు రోజులున్నాయి. మళ్ళీ కమిటీని పిలవచ్చు. ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. జగన్మోహన్ విద్యుత్తు ఆఫీసులో సూపరింటెండెంటు, ఫైలు ఒకసారి కదిలాక వెనక్కి రాదని నమ్మే మనిషి.

"నువ్వు ఫోన్ జేసినవా లేదా?"

"జేసిన."

"మరి నీ తప్పేముంది? గుమాస్తా చెప్పలే. ఇప్పుడు నువ్వు జాబితా తిరగేస్తె, ముందు బిడ్డ కోసం రాసింది, దొరికిపోతాననే మార్చింది అంటరు. అటు తప్పే, ఇటు తప్పే. సప్పుడు జెయ్యకు."

ఆమెకు కావలసిన సలహా అదే. మొదటి రోజు దాన్ని పట్టుకుని నిబ్బరంగానే ఉంది. రెండో రోజు క్లాసులో పిల్లల హాజరు తీస్తూ ఒక పేరు రెండుసార్లు పిలిచింది. మూడో రోజు ప్రేమకు ఫోన్ చేసి, ఆమె పలికాక, బహుమతి కప్పులు వచ్చాయా లేదా అని అడిగి పెట్టేసింది. ఆ రాత్రి సంజన గదిలో కూర్చుని బూట్లకు తెల్లరంగు పూసుకుంటూ, "ఈసారి సెమీస్ చేరితే క్యాంపుకు పిలుస్తరమ్మా. ఫైనల్ ఇయర్, ఇదే ఆఖరి చాన్స్" అంది. ఆఖరి చాన్సు చేజారడం ఎలా ఉంటుందో అరుంధతికి ఒకరు చెప్పనక్కర్లేదు. "బాగ ఆడు" అని గదిలోంచి వచ్చేసింది.

నాకౌట్ మొదటి రోజు పొద్దున కవాడిగూడ పిల్లలు తమ మ్యాచ్‌ను ఇరవై పాయింట్ల తేడాతో గెలిచారు. మనీష పొట్టిదే కానీ బంతి ఆమె చేతికొస్తే మైదానం వంగి దారిచ్చినట్టు ఉండేది. మధ్యాహ్నం మిగతా జట్లు ఇళ్ళకు వెళ్ళి తిని వస్తే, వాళ్ళు మెట్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుని, గోడ నీడలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. నాలుగింటికి బర్కత్‌పురతో మళ్ళీ దిగారు.

మొదటి సగం అయ్యేసరికి కవాడిగూడ ఆరు పాయింట్లు ముందుంది. రెండో సగంలో కాళ్ళు బరువెక్కడం అరుంధతికి బల్ల దగ్గర కూర్చున్న చోటి నుంచే కనిపించింది. ఎగిరిన పిల్ల కిందికి రాగానే మళ్ళీ ఎగరలేకపోతోంది. వెనక్కి పరుగెత్తాల్సిన పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుంటోంది. నాలుగు నిమిషాలుందనగా మనీష బుట్ట కింద ఎగిరి దిగడంలో కుడి చీలమండ మెలిక పడింది. పక్కకు వచ్చి, చున్నీ గట్టిగా చుట్టుకుని మళ్ళీ లోపలికి పోయింది. ఆఖరి నిమిషంలో సంజనే బంతి లాక్కుని పోయి బుట్టలో వేసింది. మూడు పాయింట్లతో బర్కత్‌పుర గెలిచింది. చప్పట్లు మోగాయి. కూతురు తన వైపు చూసి నవ్వితే అరుంధతి స్కోరు షీటు వైపు తల దించుకుంది.

రెండు జట్లూ చేతులు కలుపుకుంటున్నప్పుడు మనీష సంజనతో ఏదో అనడం అరుంధతి చూసింది. ఏమందో ఆ సాయంత్రం ఇంట్లో తెలిసింది. సంజన బూట్లయినా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడింది.

"లీగ్ మ్యాచ్ దినం మేం వచ్చినం అక్కా, అన్నదామె. మూడింటికి అందరం వచ్చినం, రాలేదని రాసిండ్రు, అన్నది. నిజమేనా?"

"నిజమే."

"నీకు ఎప్పుడు తెల్సింది?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. ఇవాళే తెలిసిందనవచ్చు. అరుంధతి స్టవ్ తగ్గించింది.

"నాలుగు దినాల కింద."

సంజన గొంతు పెంచలేదు, అదే తల్లికి ఎక్కువ బాధయింది. "నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె గదమ్మా. మొదటి రౌండు ఆడుమంటే ఆడకపోతుంటినా? నేను ఓడిపోత అనుకున్నవా?"

తర్వాతి రోజు సెమీఫైనల్లో బర్కత్‌పుర చిత్తుగా ఓడింది. సంజన ఆడింది, బంతి చేతికొస్తే పక్కవాళ్ళకు ఇచ్చేసింది.

పోటీలు ముగిసిన మర్నాడు పొద్దున్నే అరుంధతి కవాడిగూడ బస్తీకి బయల్దేరింది. ఆ తెలుగు లెక్చరరు దగ్గర మనీష ఇంటి గుర్తులు కనుక్కుంది. మనీష తల్లిదండ్రులు బుగ్గయ్య, బీరమ్మ మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇరవై ఏళ్ళ కిందట కూలికొచ్చి ఇక్కడే నిలిచిపోయినవాళ్ళు. పాత ఇళ్ళు కూలగొట్టి అపార్టుమెంట్లు కడుతున్న అశోక్‌నగర్‌లోనే, అరుంధతి ఇంటికి రెండు గల్లీల అవతల, అప్పుడు వాళ్ళ పని. ఆమె వెళ్ళేసరికి ఇద్దరూ పనికి తయారై ఉన్నారు. మనీష చాప మీద కూర్చుని ఉంది. చీలమండ గుమ్మడికాయలా వాచింది, పసుపూ సున్నం పట్టు వేసి ఉంది. లేవబోతే అరుంధతి వద్దంది.

చెప్పవలసింది నిలబడే చెప్పింది. వేళ మార్చింది తనేననీ, రెండోసారి కబురు చేయలేదనీ, వాళ్ళు వచ్చిన సంగతి తెలిశాక కూడా నాలుగు రోజులు నోరు మెదపలేదనీ, అవతలి జట్టులో తన కూతురు ఉందనీ.

బుగ్గయ్య తలపాగా సర్దుకుంటూ, "అయింది పోనీయండి మేడం, ఆటనే గద" అన్నాడు.

"ఆటనే అంటవేంది?" అని బీరమ్మ అతని మీద లేచింది. తర్వాత అరుంధతి వైపు తిరిగింది. "మా పిల్ల ఓడిపోయినందుకు ఏడ్వలేదమ్మా. ఓడుడు గెలుసుడు ఉంటయి. రాలేదని రాసిండ్రట గద, గా దానికి ఏడ్సింది. మేం పనికి పోకుంటే పోలేదని రాస్తరు, సరే. పోయి, పొద్దుందాక ఇటుక మోసినంక, నువ్వు రాలేదు పో అంటే ఎట్లుంటది? నువ్వు సదువుకున్నదానివి, నీకు ఎర్కలేదా?"

మనీష మాత్రం ఒక్క మాట అడిగింది: "మేడం, ఆ కాగితం మీద రాలేదన్నది కొట్టేస్తరా?"

ఆ మధ్యాహ్నమే ఆమె యూనివర్సిటీ క్రీడల కార్యదర్శికి రెండు పేజీల ఉత్తరం రాసింది. తనను వెనకేసుకొచ్చే వాక్యం ఒక్కటి కూడా అందులో లేదు. కమిటీని మళ్ళీ పిలిపించారు. వీరరాఘవరావు గారికి ఎన్నడూ రానంత కోపం వచ్చింది.

"కూర్చోమన్నది నేనే, ఆ పాపంలో నాకూ పాలుంది. కానీ ఆ ఆయమ్మ చెప్పిన రోజే మీరు నాతో ఒక్క మాట అనుంటే జాబితా చింపి కొత్తది రాసేవాళ్ళం. ఇప్పుడు టోర్నమెంటు అంతా తిరిగి ఆడించమంటారా?"

తిరిగి ఆడించడం కుదరలేదు. రెండు పనులు మాత్రం జరిగాయి. స్కోరు షీటు మీద 'రాలేదు' అన్నది కొట్టేసి, 'సమాచారం అందనందున మ్యాచ్ జరగలేదు' అని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. ప్రేమ గట్టిగా పట్టుబట్టడంతో, నిబంధనకు అవతల, మనీషను ఒక్కదాన్ని శిబిరానికి పిలిచారు.

మనీష వచ్చింది. రెండు రోజులు ఆ కాలితోనే పరుగెత్తింది. మూడో రోజు కాలు కింద పెట్టలేకపోయింది. డాక్టరు మూడు వారాలు కదలొద్దన్నాడు. ఒకే రోజు రెండు మ్యాచులు ఆడకుండా ఉంటే ఆ కాలు మెలిక పడేది కాదని ఎవరూ అనలేదు, అరుంధతి ముందు అసలే అనలేదు. యూనివర్సిటీ జట్టు మనీష లేకుండానే పోటీలకు వెళ్ళింది. సంజన కూడా ఆ శిబిరంలో ఉంది. తన పేరు ఆఖరి పన్నెండులో లేదని తెలిసిన రోజు ఇంటికొచ్చి, చాలా రోజుల తర్వాత తల్లి పక్కన కూర్చుని అన్నం తింది. "అదే మంచిగైందమ్మా" అంది. మంచిగైందో లేదో అరుంధతికి తెలియలేదు. తన చేతిమీదుగా ఇద్దరు పిల్లల అవకాశం పోయిందనిపించింది.

మాటలు రానే వచ్చాయి. తల్లి కన్వీనరు, బిడ్డకు సీడు, అని కాలేజీల స్టాఫ్ రూముల్లో అనుకున్నారు. ఆరేళ్ళ జాబితాలన్నీ ఎవరో బయటికి తీసి వెతికారు కూడా. ఏమీ దొరకలేదు, కానీ వెతికారు. ఆమె కన్వీనరు పదవికి రాజీనామా ఇచ్చి, ఫైళ్ళు ప్రేమకు అప్పగించింది. వేళ మారితే కాగితం మీద పంపి పిల్లల కెప్టెన్ సంతకం తీసుకోవాలని, సొంతవాళ్ళు ఆడే ఏడు కమిటీలో కూర్చోకూడదని ప్రేమ కొత్త నిబంధనలు రాయించింది.

తొంభై ఆరులో మనీషది ఆఖరి ఏడు. కవాడిగూడకు రెండో సీడ్ ఇచ్చారు, ఎవరూ మాట్లాడలేదు. సెమీఫైనల్ రోజు అరుంధతి మెట్ల మీద, పిల్లల వెనక ఒక మూల కూర్చుంది. ఆట మొదలై పది నిమిషాలయ్యాక పక్కన ఎవరో చతికిలబడ్డారు. చూస్తే బీరమ్మ. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, మోచేతుల దాకా సిమెంటు ఎండి తెల్లగా ఉంది. కూతురు ఆడగా చూడడం ఆమెకు ఇదే మొదటిసారి.

"ఇప్పుడు మనోళ్ళు గెలుస్తున్నరా?" అని అడిగింది, పక్కన ఉన్నదెవరో గుర్తుపట్టీ పట్టనట్టు.

"నాలుగు వెనక ఉన్నరు."

"నాలుగంటే మస్తా?"

"మస్తేం కాదు. రెండుసార్లు బుట్టల పడితే సమానం."

"మరి ఆయన ఊకె విజిల్ ఊదుతుండేంది, మా పిల్ల ఏం జేసింది?"

అరుంధతి చెప్పింది. బంతి పట్టుకుని ఎన్ని అడుగులు వేయొచ్చో, ఎవరిని తాకితే తప్పో, దూరం నుంచి వేస్తే మూడెందుకో. బీరమ్మ చెవి ఇటు పెట్టి, కళ్ళు కోర్టు మీదే ఉంచి విన్నది. కవాడిగూడ ఐదు పాయింట్లతో ఓడింది. పిల్లలు నీళ్ళ కుండ వైపు వెళ్తుంటే బీరమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"బాగనే ఆడింది గద?" అంది.

"అందరికంటే బాగ ఆడింది" అంది అరుంధతి.

బీరమ్మ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, మెట్లు దిగి కూతురి దగ్గరికి వెళ్ళింది.